మర తీసేసింది, మఫిన్ మోసింది

అమెరికాలో పొద్దున్నే కాఫీతో తినే మఫిన్‌కు ఆరోగ్యకరమైన ఆహారమన్న పేరు నిన్నమొన్న వచ్చింది కాదు. పీచు ఎక్కువ, ప్రొటీన్ ఎక్కువ, పళ్లముక్కలు నిండుగా అంటూ ఇవాళ పెట్టెల మీద కనబడే మాటల వెనక నూట యాభై ఏళ్లకు పైబడిన కథ ఉంది. ఆ కథ ఇప్పుడు డాలస్, న్యూజెర్సీల తెలుగు ఇళ్లకూ, హైదరాబాద్ బేకరీలకూ చేరింది కాబట్టి దాన్ని మొదటినుంచీ చూడటం మనకూ అవసరమే. ఈ మఫిన్‌లో పడే సరుకులు ఎక్కడ పుట్టాయో ఒక్కొక్కటిగా ఆరా తీస్తే ఒక సంగతి తేలుతుంది. తవుడు పిండిమర దగ్గర మిగిలిపోయింది. ప్రొటీన్ పొడి చీజ్ ఫ్యాక్టరీ దగ్గర మిగిలిపోయిన విరుగుడు నీళ్ల నుంచి వచ్చింది. రెండూ ఒకప్పుడు పశువుల తొట్టికో కాలువకో పోయినవే. తరవాత రెండూ మందు పేరుతో మనిషి పళ్లెంలోకి తిరిగొచ్చాయి. తిండిని ముక్కలుగా విడదీసి, మొత్తానికి ఉన్న మంచిపేరును ఒక ముక్కకు కట్టబెట్టి, ఆ ముక్కను తీపి కేకులో పెట్టి అమ్మడం ఈ మఫిన్ చరిత్ర పొడుగునా జరిగింది. ఆ పద్ధతి మీద జనానికి నమ్మకం ఎలా కుదిరిందన్నది నాకు ముఖ్యమైన ప్రశ్న. దానికి జవాబులో కొంత మన కోస్తా జిల్లాల్లోనే ఉంది.

ముందు మఫిన్ సంగతి. ఇంగ్లండులో 18వ శతాబ్దపు మఫిన్ ఈస్టుతో పొంగించి పెనం మీద కాల్చిన చిన్న రొట్టె. 1747లో వచ్చిన హానా గ్లాస్ వంటల పుస్తకంలో దాని తయారీ ఉంది. అమెరికా మఫిన్ వేరే దారి పట్టింది. అక్కడ అడవులు నరికి కాల్చిన బూడిద నుంచి తీసిన పెర్ల్‌యాష్ అనే క్షారం చవగ్గా దొరికేది. 1796లో అమీలియా సిమ్మన్స్ అచ్చువేసిన వంటల పుస్తకంలో పిండి పొంగడానికి దాన్నే వాడమని ఉంది. 1846లో జాన్ డ్వైట్, ఆస్టిన్ చర్చ్ కలిసి వంటసోడా వ్యాపారం మొదలుపెట్టారు. మరో పదేళ్లకు హార్వర్డ్ రసాయనశాస్త్రవేత్త ఎబెన్ హార్స్‌ఫర్డ్ ఫాస్ఫేట్‌తో బేకింగ్ పౌడర్‌కు పేటెంటు తీసుకున్నాడు. రాత్రి పిండి కలిపి పొద్దుటిదాకా ఆగే పని తప్పింది. సోడా, పుల్లమజ్జిగ కలిస్తే అరగంటలో రొట్టె తయారు. ఇందులో మన కథకు పనికొచ్చే మర్మం ఒకటుంది. ఈస్టు రొట్టె పొంగాలంటే పిండిలో గ్లూటెన్ సాగి వలలా అల్లుకోవాలి. తవుడు రేకులు ఆ వలను కోసేస్తాయి, నీళ్లు పీల్చేస్తాయి, రొట్టె ఇటుకలా తయారవుతుంది. మఫిన్‌కు ఆ వలతో పెద్ద పని లేదు. పైగా పిండి ఎక్కువ కలిపితే గ్లూటెన్ బిగిసి లోపల సొరంగాలు పడతాయి. అందుకే తవుడును మొయ్యగలిగిన బేకరీ సరుకుల్లో మఫిన్ ముందు నిలిచింది.

తవుడు మంచిదన్న మాటను అమెరికాలో ఊరూరా చాటినవాడు సిల్వెస్టర్ గ్రాహమ్ అనే మతబోధకుడు. జల్లించని గోధుమపిండితో ఇంట్లోనే రొట్టె చేసుకోవాలని, బజారు రొట్టెను నమ్మవద్దని 1830లలో ఉపన్యాసాలిచ్చాడు. 1837లో బోస్టన్‌లో బేకరీవాళ్లు, మాంసం వ్యాపారులు గుంపుగా వచ్చి ఆయన సభను అడ్డుకోబోయారు. అదే ఏడాది రొట్టె గురించి ఆయన పుస్తకం వెలువడింది. గ్రాహమ్ చెప్పినవాటిలో శాస్త్రానికి నిలవనివి చాలా ఉన్నాయి. మసాలాలు కామాన్ని రెచ్చగొడతాయని నమ్మినవాడాయన. అయినా పిండి విషయంలో ఆయన పట్టుబట్టింది మొత్తం గింజ కోసమేనన్నది మరిచిపోకూడదు. తవుడును విడిగా తినమని ఆయన ఉద్యమం పుట్టలేదు. ఆయన అనుచరులు చేసుకున్న గ్రాహమ్ జెమ్స్ అనే చిన్న రొట్టెలు నా లెక్కలో మొదటి ఆరోగ్య మఫిన్లు. వాటిలో పడేది జల్లించని పిండి, చల్లటి నీళ్లు, అంతే. సోడా లేదు, ఈస్టు లేదు, చక్కెర లేదు. 1859లో బోస్టన్‌కు చెందిన నథానియల్ వాటర్‌మన్ పేటెంటు తీసుకున్న రకం పోతఇనుప గుంటల పళ్లేన్ని పొయ్యిలో బాగా కాలనిస్తారు. పిండిని గాలి పట్టేలా గట్టిగా గిలక్కొట్టి ఆ కాలిన గుంటల్లో పోస్తారు. సెగకు అంచులు వెంటనే గట్టిపడతాయి. లోపలి నీరు ఆవిరై, చిక్కుకున్న గాలి వ్యాకోచించి రొట్టెను పైకి లేపుతాయి. వేడిగా తింటే కరకర, చల్లారితే గట్టి. అందులో ఏ ముక్కా విడిగా కలిపింది కాదు.

ఈ వరస మార్చేసింది ఉక్కు రోలర్ల మర. తిరగలి రాయి గింజను మొత్తం నలిపేది. మొలక భాగంలోని నూనె పిండిలో కలిసిపోయి కొన్ని వారాల్లోనే ముక్కవాసన వచ్చేది. హంగరీలో ముదిరిన రోలర్ పద్ధతిని 1870ల చివర మినియాపోలిస్ మరలు అందుకున్నాయి. 1878 మే 2న అక్కడి వాష్‌బర్న్ ఏ మిల్లు పిండిధూళి అంటుకుని పేలి 18 మంది చనిపోయారు. తిరిగి కట్టిన మరల్లో కొత్త యంత్రాలు వచ్చాయి. రోలర్ల మధ్య గింజ చీలుతుంది, తవుడు రేకులుగా విడిపోతుంది, మొలక అణిగి బిళ్లలా అయి జల్లెడ మీద నిలిచిపోతుంది. కిందికి దిగేది తెల్లటి మైదా. గోధుమ గింజలో తవుడు దాదాపు 14 శాతం, మొలక రెండున్నర, మూడు శాతం. పీచులో, విటమిన్లలో, ఇనుములో ఎక్కువ పాలు ఆ కాస్త బరువులోనే ఉంది. మైదా వచ్చింది మోసం చేయడానికని అనడం న్యాయం కాదు. పిండి నెలలతరబడి నిలవ ఉండి రైలెక్కి వెయ్యి మైళ్లు పోగలిగినందుకే పెరుగుతున్న నగరాలకు రొట్టె చవగ్గా అందింది. శతాబ్దాలపాటు ధనికుల సొత్తుగా ఉన్న తెల్లరొట్టె కూలివాడికి దక్కడం ఆ కాలపు జనానికి చిన్న విషయం కాదు. దాన్ని కాదనలేం. అయితే దాని వెల ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. మర పక్కన గుట్టపడిన తవుడు గొడ్ల మేతకు పోయింది, మన దగ్గర బియ్యపు తవుడు గేదె కుడితిలోకి పోయినట్టే.

ఆ వెల ఎంతో మొదట తేలింది బియ్యం తినే దేశాల్లో. 1890లలో బటేవియాలో (ఇప్పటి జకార్తా) క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే వైద్యుడు తెల్లబియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం, ముడిబియ్యం పెడితే కోలుకోవడం గమనించాడు. మనుషుల్లో అదే జబ్బు బెరిబెరి. మన దేశంలో ఆ జబ్బు స్థిరపడ్డ చోటుగా వైద్యుల పత్రాలకెక్కింది ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే తెలుగు కోస్తా. వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో బెరిబెరి విచారణ పేరుతో చిన్న పరిశోధనాలయం పెట్టాడు. ఆయన తరవాత దాన్ని నడిపిన వాలస్ ఐక్రాయిడ్ బృందం 1940లో వెలువరించిన బియ్యం నివేదికలోనూ ఈ జిల్లాల ప్రస్తావన ఉంది. మన కోస్తావాళ్లు తిన్నది మరపట్టిన పచ్చి బియ్యం. తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం వాడకం ఎక్కువ. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు తవుడులోని థయామిన్ అనే విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. ఆ తరవాత మర పైపొట్టును తీసేసినా కొంత మిగులుతుంది. రెండూ తెల్లన్నమే, రెండూ మరబియ్యమే, ఒకచోట జబ్బు వచ్చింది, ఒకచోట రాలేదు. మెక్‌కారిసన్ పెట్టిన ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో నడుస్తోంది. బెరిబెరి నేర్పిన పాఠం తిరుగులేనిది: గింజ నుంచి తీసేసిన ఒక్క పదార్థం లేకపోవడం వల్ల మనిషి చచ్చిపోవచ్చు, ఆ ఒక్కటి తిరిగి ఇస్తే బతకవచ్చు.

అమెరికా ఆ పాఠాన్ని పిండిమరకు వర్తింపజేసింది. 1941 నుంచి మైదాలో థయామిన్, రైబోఫ్లేవిన్, నియాసిన్, ఇనుము కలపడం మొదలైంది. 1998 జనవరి నుంచి అలాంటి పిండికి ఫోలిక్ యాసిడ్ కూడా తప్పనిసరి చేశారు. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ మందుల కంపెనీ బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇవాళ అమెరికాలో అలాంటి మైదాతో చేసిన ఏ మఫిన్ తిన్నా ఆయన శ్రమఫలం అందులో ఉంటుంది. తల్లి కడుపులో బిడ్డ వెన్నుపాముకు వచ్చే లోపాలు ఆ తరవాత తగ్గాయి. విడదీసిన ముక్కను తిరిగి కలపడం దండగ అనేవారికి ఇంతకన్నా గట్టి జవాబు లేదు, ఆ జవాబును నేనూ ఒప్పుకుంటాను. కాని ఈ విజయమే తరవాతి పొరపాటుకు దారి తీసిందని నా అభిప్రాయం. బెరిబెరి ఒక్క లోటు వల్ల వచ్చే జబ్బు కాబట్టి ఒక్క పదార్థంతో నయమైంది. మలబద్ధకం, గుండెజబ్బు, పేగు క్యాన్సర్, ఊబకాయం అలాంటివి కావు. అవి ఏళ్ల తరబడి తిన్న మొత్తం తిండి, చేసిన పని, గడిపిన బతుకు కలిసి తెచ్చేవి. విటమిన్ విషయంలో పనిచేసిన తర్కాన్నే వీటికీ అంటగట్టినప్పుడు తవుడు మఫిన్ మందుబిళ్ల అయింది.

ఆ మార్పుకు వేదిక మిషిగన్‌లోని బాటిల్ క్రీక్. అడ్వెంటిస్టు మతస్థులు 1866లో అక్కడ పెట్టిన ఆరోగ్యాలయాన్ని 1876 నుంచి డాక్టర్ జాన్ హార్వీ కెలాగ్ నడిపాడు. పేగుల్లో నిలిచిన మలం ఒళ్లంతా విషం చేస్తుందన్నది ఆయన సిద్ధాంతం. రోగులకు తవుడు తినిపించడం అందులో భాగం. ఆయన తమ్ముడు విల్ కీత్ కెలాగ్ 1906లో పెట్టిన కంపెనీ 1916లో ఆల్-బ్రాన్‌ను బజారుకు తెచ్చింది. పేరే చెబుతోంది, అందులో గింజ లేదు, తవుడే ఉంది. గ్రాహమ్ గింజ మొత్తం తినమన్నాడు. ఎనభై ఏళ్లకు ఆయన వారసులు గింజలో తీసేసిన భాగాన్ని పెట్టెలో పోసి అమ్మారు. ఉత్త తవుడు నమిలి మింగడం కష్టం కనక ఆల్-బ్రాన్‌తో మఫిన్లు చేసుకునే పద్ధతి కంపెనీ ప్రచారంతో ఇంటింటికీ పాకింది. పాలలో తవుడు నానబెట్టడం, గుడ్డు, చక్కెర, వెన్న, మైదా, బేకింగ్ పౌడర్ కలపడం, ఎండుద్రాక్ష చల్లడం. నానబెట్టే ఆ కాసేపు చాలా ముఖ్యం. నానని తవుడు పొయ్యిలోకి వెళ్లాక పిండిలోని తడినంతా లాగేస్తుంది. అదే 1916లో న్యూజెర్సీ వైట్స్‌బాగ్‌లో ఎలిజబెత్ వైట్, ఫ్రెడరిక్ కోవిల్ కలిసి సాగులోకి తెచ్చిన బ్లూబెర్రీ మొదటి పంట అమ్మకానికి వచ్చింది. అంతకుముందు అది అడవిలో ఏరుకునే పండు. మఫిన్‌లో పండు ఏడాది పొడుగునా బజారు సరుకు కావడానికి దారి అక్కడ పడింది.

తవుడుకు రెండో జన్మనిచ్చినవాడు డెనిస్ బర్కిట్. ఐర్లండులో పుట్టి యుగాండాలో ఏళ్లపాటు శస్త్రవైద్యం చేసిన ఈయన, బ్రిటన్‌లో రోజూ చూసే పేగు జబ్బులు ఆఫ్రికా పల్లెల్లో ఎందుకింత అరుదని అడిగాడు. 1971లో పెద్దపేగు క్యాన్సర్ గురించి ఆయన రాసిన వ్యాసం, 1979లో పీచును మరవొద్దంటూ వచ్చిన పుస్తకం పీచును ఇంటింటి మాట చేశాయి. ఆయన చూసిన పల్లెజనం తిన్నవి చిరుధాన్యాలు, చిక్కుళ్లు, దుంపలు, అరటి. ఎవరూ తవుడు కొనుక్కు తినలేదు. 1984లో ఆల్-బ్రాన్ పెట్టె మీద అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ సలహాను అచ్చు వేశారు. ఆహారం పెట్టె మీద జబ్బు పేరు రాయడం అప్పటిదాకా మందుల చట్టం కిందికి వచ్చే వ్యవహారం. ఆ గొడవ ముదిరి 1990 నాటి కొత్త లేబుల్ చట్టం దాకా వెళ్లింది. 2000లో అరిజోనా పరిశోధకులు పేగులో కణితులు తీయించుకున్నవారికి రోజుకు 13.5 గ్రాముల గోధుమతవుడు పీచునూ, 2 గ్రాములనూ ఏళ్లపాటు ఇచ్చి పోల్చి చూస్తే కణితులు తిరిగి రావడంలో తేడా కనబడలేదు. పీచు వృథా అని దీనికి అర్థం కాదు. 2019లో లాన్సెట్‌లో వచ్చిన పెద్ద సమీక్ష 185 పరిశీలక అధ్యయనాలను, 58 ప్రయోగాలను కలిపి చూసి, రోజుకు 25 నుంచి 29 గ్రాముల పీచు తినేవారిలో గుండెజబ్బు, మధుమేహం, పేగు క్యాన్సర్ తక్కువని తేల్చింది. ముడిధాన్యాలు తినేవారిలోనూ అదే ఫలితం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. పీచున్న తిండి మేలు చేస్తుంది. ఆ మేలును పొట్లం కట్టి వేరే తిండిలోకి మార్చగలమా అన్నదే తేలని సంగతి.

ఓట్ తవుడు కథలో ఇదే పోకడ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కెంటకీ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఆండర్సన్ ఓట్స్‌లోని జిగురుపీచు కొలెస్టరాల్‌ను తగ్గిస్తుందని చూపాడు. 1987లో రాబర్ట్ కోవల్స్కీ ఎనిమిది వారాల కొలెస్టరాల్ చికిత్స పుస్తకం ఓట్ తవుడు మఫిన్లనే మందుగా చెప్పి లక్షల్లో అమ్ముడుపోయింది. దుకాణాల్లో ఓట్ తవుడు దొరకని రోజులు వచ్చాయి. 1990 జనవరిలో బోస్టన్ వైద్యుల పత్రం వెలువడింది. కొలెస్టరాల్ మామూలుగా ఉన్న 20 మంది ఆరోగ్యవంతులకు రోజుకు 87 గ్రాముల ఓట్ తవుడు పెట్టినా, పీచు తక్కువున్న గోధుమ పెట్టినా కొలెస్టరాల్ దాదాపు ఒకేలా తగ్గింది. మోజు రాత్రికి రాత్రి దిగిపోయింది. నిజానికి ఆ పత్రమొక్కటే తీర్పు కాదు. మనుషులు తక్కువ, వారికి ముందే కొలెస్టరాల్ సమస్య లేదు. ఇతర ప్రయోగాల బలంతో 1997లో ప్రభుత్వం రోజుకు 3 గ్రాముల బీటాగ్లూకాన్ అనే ఓట్ పీచు గుండెకు మంచిదని రాసుకోవడానికి అనుమతించింది. అంటే శాస్త్రం ఓట్స్ పక్షానే ఉంది. గాలికి ఎగిరి గాలికి పడిపోయింది ఓట్ తవుడు పేరు పెట్టుకున్న మఫిన్.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటి వస్తుంది. జావ తాగమంటే తాగనివారు, ముడిధాన్యం వండుకోనివారు మఫిన్ రూపంలోనైనా ఆ పీచు తింటున్నారు కదా, తీపి పూత లేకుండా మందు ఎవరు మింగుతారు అని. ఈ మాటలో న్యాయముంది. పొద్దున్నే రైలందుకునే మనిషికి కూర్చుని తినే తీరికుండదు, చేతిలో పట్టుకుపోయేదే గతి. కాని తీపి పూత పెరిగి పెరిగి మందును ముంచేసిందని లెక్కలు చెబుతున్నాయి. 2002లో పోషకాహార నిపుణులు లీసా యంగ్, మేరియన్ నెసిల్ బజారు తిళ్ల సైజులను తూచి ప్రకటించినప్పుడు, మఫిన్లు ప్రభుత్వం ఒక వడ్డింపుగా లెక్కించిన పరిమాణాన్ని 333 శాతం మించి ఉన్నాయి. తవుడు చేదును కప్పడానికి చక్కెర పడుతుంది, దాని పొడితనాన్ని కప్పడానికి నూనె పడుతుంది. అలా ఐదారు గ్రాముల పీచు కోసం మనిషి చక్కెర, నూనె, మైదా మూటగట్టుకుంటున్నాడు. తీపి లేకుండా ఎవరూ తినరన్న వాదనకు గ్రాహమ్ జెమ్స్ చరిత్రలోనే జవాబు ఉంది. దశాబ్దాలపాటు జనం వాటిని తిన్నారు.

తవుడు నడిచిన దారినే ఇప్పుడు ప్రొటీన్ నడుస్తోంది. కిలో చీజ్ చేస్తే తొమ్మిది కిలోల దాకా విరుగుడు నీళ్లు మిగులుతాయి. వాటిని పందులకు పోసేవారు, పొలాల్లోకీ వాగుల్లోకీ వదిలేసేవారు. అందులోని లాక్టోజ్ నీటిలోని ప్రాణవాయువును తినేసేది. 1970లలో నీటికాలుష్యం చట్టాలు బిగిశాయి, పొరల గుండా వడగట్టి ప్రొటీన్‌ను వేరుచేసే యంత్రాలు కూడా అప్పుడే అందుబాటులోకి వచ్చాయి. పారబోయడానికి డబ్బు ఖర్చయ్యే నీళ్లు డబ్బాలో అమ్ముడుపోయే పొడి అయ్యాయి. మఫిన్ పిండిలో ఆ పొడి ఎక్కువైతే వేడికి బిగిసి రబ్బరులా తయారవుతుంది. దాన్ని మెత్తబరచడానికి మళ్లీ అరటిపండు గుజ్జో, నూనో, పెరుగో పొయ్యాలి. అమెరికా లేబుల్ నియమాల ప్రకారం ఒక వడ్డింపులో రోజువారీ ప్రమాణంలో 20 శాతం ఉంటే ఎక్కువ అని రాసుకోవచ్చు. పీచుకు 28 గ్రాములు, ప్రొటీన్‌కు 50 గ్రాములు ప్రమాణం కాబట్టి 5.6 గ్రాముల పీచు, 10 గ్రాముల ప్రొటీన్ చేరితే సరి. మన దేశంలో 100 గ్రాములకు 6 గ్రాముల పీచుంటే అదే మాట వాడుకోవచ్చు. ఆ గ్రాములు గింజలోంచి వచ్చాయా, పొట్లంలోంచి వచ్చాయా అని ఈ అంకెలు అడగవు. ఒంట్లో కండ పెరగాలని ప్రొటీన్ పొడులు తినొద్దని 2024 మేలో వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలు చెప్పాయి. బెరిబెరి కోసం పుట్టిన సంస్థ ఈ మాట చెప్పడానికి అందరికన్నా అర్హమైనదని నేననుకుంటాను. ఒక్క పదార్థం ఎప్పుడు ప్రాణం పోస్తుందో దానికి తెలుసు.

పొడులు లేకుండా ఆ అంకెలు చేరడం సాధ్యం కాదనేవారు ఒకసారి లెక్క వేసుకోవచ్చు. మరలో మొత్తం గింజను ఆడించి, జల్లించని గోధుమపిండి 100 గ్రాముల్లో పీచు 11 గ్రాముల దాకా, ప్రొటీన్ కూడా దాదాపు అంతే ఉంటాయి. ఒక్కో మఫిన్‌కు ఆ పిండి 35 గ్రాములు, సగం గుడ్డు, చారెడు పెరుగు, పండిన అరటిపండులో సగం, నాలుగు బాదం పలుకులు పడితే పీచు ఐదున్నర గ్రాములకు అటూఇటూ, ప్రొటీన్ తొమ్మిది గ్రాములకు చేరువలో ఉంటుంది. పెరుగు పులుపుకు చిటికెడు వంటసోడా చాలు, అరటిపండు తీపికి చక్కెర అక్కర్లేదు. పిండిని పెరుగులో పదిహేను నిమిషాలు నాననిచ్చి, గుడ్డు గిలక్కొట్టి, సోడా చివర్లో కలిపి, బాగా కాలిన గుంటల పళ్లెంలో పోస్తే అది గ్రాహమ్ జెమ్స్‌కు దగ్గర చుట్టమే అవుతుంది. చల్లారాక కాస్త గట్టిపడుతుంది. పొయ్యిలోంచి తీసిన అరగంటలో తినెయ్యాలి.